ఏదో అలా కుదిరింది!

మా అమ్మాయికి కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. వంటింటి తలుపు ధడేలున వేసి, గదిలోకి పోయి ముసుగు పెట్టుకునే కోపం. ఎవరైనా తిట్టారా అంటే, అదీ లేదు. మెచ్చుకున్నారు!

జరిగిందేమిటంటే, మొన్న వేసవి సెలవుల్లో అది కుకీలు చేసింది. మన భాషలో బిస్కెట్లే అనుకోండి. మైదా, వెన్న కలిపి, అందులో చాక్లెట్ ముక్కలూ, టూటీ ఫ్రూటీ, కిస్‌మిస్ వేసి కాల్చింది. ఎర్రగా, అంచులు కరకరలాడుతూ, మధ్య మెత్తగా, చక్కగా వచ్చాయి. ఎదురింటి పిన్నిగారికి ఒక పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. ఆవిడ ఒకటి నోట్లో వేసుకుని, "అబ్బ! ఎంత బావున్నాయే! నీది మీ అమ్మమ్మ హస్తవాసే తల్లీ" అంది. ఈలోగా మావారు పేపర్లోంచి తల ఎత్తి, "అదృష్టం. ఇవాళ ఎలాగో కుదిరాయి" అన్నారు.

అంతే. తలుపు ధడేల్.

నేను వెనకాలే వెళ్ళాను. "ఏమిటే, మంచి మాటే కదా అన్నారు?" అంటే, ముసుగులోంచే జవాబు. "అదృష్టమా? హస్తవాసా? నాలుగుసార్లు చేశాను. మొదటిసారి కిస్‌మిస్ మాడి చేదెక్కింది. రెండోసారి వెన్న కరిగిపోయి పళ్ళెమంతా ఒక్క ఊతప్పం అయింది. మూడోసారి పలకల్లా వచ్చాయి. నువ్వే తిని పళ్ళు పట్టుకున్నావు. ప్రతిసారీ ఎక్కడ తప్పు జరిగిందో రాసుకుని సరిచేశాను. ఇదంతా చెయ్యి చేసిందా, బుర్ర చేసిందా?"

నిజం చెప్పాలంటే నా దగ్గర సమాధానం లేదు. దాన్ని చల్లబరచడానికి నాకు తెలిసిన కథ ఒకటి అందుకున్నాను. "పోనీలే, అసలీ చాక్లెట్ కుకీలే పొరపాటున పుట్టాయట. అమెరికాలో ఒకావిడ బిస్కెట్లు చేస్తూ వంట చాక్లెట్ అయిపోతే, మామూలు చాక్లెట్ విరిచి పిండిలో వేసిందట. కరిగి కలిసిపోతుందనుకుంటే ముక్కలు ముక్కలుగానే ఉండిపోయిందట. అలా అదృష్టవశాత్తూ..."

ముసుగు తీసింది. "ఎవరు చెప్పారు నీకు?"

"అందరూ చెబుతారు."

"ఆవిడ చెప్పిందా?"

చూశారా, ఈ కాలం పిల్లలతో ఇదే చిక్కు. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్నయి ఉండి, ఆ ప్రశ్న నేనడగాలి. అది అడిగింది. సిగ్గేసి, నాలుగు పుస్తకాలు ముందేసుకుని కూచున్నాను. ఒక బిస్కెట్టు కోసం మొదలుపెడితే ముగ్గురు ఆడవాళ్ళు తేలారు. వాళ్ళ సంగతే ఇవాళ మీతో చెప్పుకోవాలని.

'కుకీ' అనే మాట అసలు ఇంగ్లీషువాళ్ళది కాదు. డచ్చివాళ్ళు చిన్న కేకుని 'కూకియే' అనేవారు. వాళ్ళు అమెరికాలో ఇప్పటి న్యూయార్క్ ప్రాంతంలో కాపురాలు పెట్టినప్పుడు ఆ మాట అక్కడ దిగింది. తర్వాత ఇంగ్లీషువాళ్ళు వచ్చి ఊరి పేరు మార్చారు గానీ పిండివంట పేరు మార్చలేకపోయారు. వంటింటి మాటలు రాజ్యాలకంటే గట్టివి.

ఆ కుకీ అచ్చులోకెక్కింది 1796లో. హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్ళో 'అమెరికన్ కుకరీ' అని ఒక వంటల పుస్తకం వచ్చింది. అమెరికా స్వతంత్రమయ్యాక ఆ దేశపు మనిషే రాసి ఆ దేశంలోనే అచ్చు వేయించిన మొదటి వంటల పుస్తకంగా దాన్నే చెబుతారు. రాసినావిడ పేరు అమేలియా సిమన్స్. ముఖపత్రం మీద తన పేరు కింద ఏం వేసుకుందో తెలుసా? 'ఒక అమెరికన్ అనాథ' అని! బిరుదులూ డిగ్రీలూ లేని మనిషి, ఉన్నదే చెప్పుకుంది.

ఆ పుస్తకంలో క్రిస్మస్ కుకీ ఒకటి ఉంది. అది చదివి నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. మూడు పౌన్ల పిండి, అంటే కిలోన్నరకి కాస్త తక్కువ. అందులో ఒక టీ కప్పుడు మెత్తటి ధనియాల పొడి! మనం చారులో, కూరలో వేసుకునే ధనియాలే. పౌను వెన్న, పౌనున్నర పంచదార. పొంగడానికి 'పెర్ల్ యాష్' అని, కట్టెల బూడిదలోంచి తీసి శుద్ధిచేసిన ఉప్పు. అప్పటికి వంటసోడా ఇళ్ళలోకి రాలేదు కదా మరి. చేసినప్పుడు గట్టిగా, ఎండిపోయినట్టు ఉన్నా, మట్టికుండలో పెట్టి కాస్త చెమ్మ తగిలేచోట ఉంచితే ఆరునెలలకి ఇంకా మెత్తబడి బావుంటాయని రాసింది. మన ఆవకాయలాగే ఊరాలన్నమాట!

అయితే ఈవిడకి జరిగిన అన్యాయం ఒకటుంది. పుస్తకం అచ్చుకి సిద్ధంచేసేంత చదువు ఆవిడకి లేదు. అందుకని ఒక మనిషిని కుదుర్చుకుని, వంటలన్నీ అప్పజెప్పింది. ఆ మనిషి కొన్నిట్లో ముఖ్యమైన దినుసులు తీసేసి, తోచినవి కలిపి, ఆవిణ్ణి అడక్కుండానే అచ్చుకిచ్చేశాడు. ఊరుకుందా? ఊరుకోలేదు. తన అనుమతి లేకుండా ఇవి మార్చారు, వంటలు పాడుచేశారు అని పుస్తకంలో ప్రకటన చేర్చింది, సవరణలతో సహా. ఆ రోజుల్లో, వెనక ఒక్క దిక్కు లేని మనిషి, 'నా వంట నాకు తెలుసు, అది ఇలా ఉండాలి' అని అచ్చులో అనగలగడం చిన్న సంగతి కాదు.

రెండో ఆవిడ ఫానీ ఫార్మర్. 1857లో పుట్టింది. పదహారేళ్ళ వయసులో పక్షవాతం వచ్చి చదువు ఆగిపోయింది. నడక వచ్చినా కుంటు మిగిలింది. ముప్ఫై దాటాక బోస్టన్ వంటల బడిలో విద్యార్థినిగా చేరి, తర్వాత ఆ బడికే ప్రిన్సిపాల్ అయింది. 1896లో ఒక పెద్ద వంటల పుస్తకం రాస్తే ప్రచురణకర్తలు పెదవి విరిచారు. అమ్ముడుపోతుందన్న నమ్మకం లేక, మొదటి మూడువేల కాపీల ఖర్చు ఆవిడచేతే పెట్టించారు. తర్వాత ఆ పుస్తకం ఎన్ని ముద్రణలు పొందిందో చూసి వాళ్ళే ముక్కు మీద వేలేసుకుని ఉండాలి.

ఆవిడ చేసిన పనల్లా ఒక్కటే. 'చారెడు', 'పిసరంత', 'కోడిగుడ్డంత వెన్న' లాంటి కొలతల్ని పక్కకి నెట్టి, కప్పంటే కప్పు, చెంచా అంటే చెంచా అంది. అదీ గోపురంలా నింపి కాదు. చాకుతో అంచుకి సమానంగా గీసి కొలవాలంది. జనం దానికి నవ్వి కూడా ఉంటారు. కానీ ఆలోచించండి. 'కాస్త వేసుకోవాలి' అన్నప్పుడు ఆ కాస్త ఎంతో అత్తగారికి తెలుస్తుంది, కొత్తకోడలికి తెలియదు. కొలత రాసిపెట్టినరోజున, అడగడానికి ఎవరూ లేని పిల్ల కూడా వండుకోగలదు.

ఆ పుస్తకంలోనే 'హెర్మిట్స్' అనే కుకీలున్నాయి. అంటే సన్యాసులు! గింజలు తీసిన కిస్‌మిస్, దాల్చిన చెక్క, లవంగం, జాజికాయ, జాపత్రి వేసిన బిస్కెట్లు. ఇంత సుఖపడే సన్యాసుల్ని నేనెక్కడా చూడలేదు. ఆ పక్క ఇళ్ళలో పళ్ళు వేసి కాల్చే కుకీలకి ఇవి పెద్దదిక్కు. ఎండుపండు వేస్తే రుచి ఒక్కటే కాదు, అందులోని తడి వల్ల బిస్కెట్టు తొందరగా ఎండిపోదు. డబ్బాలో పెట్టుకుంటే చాలారోజులు మెత్తగా ఉంటుంది.

ఇక మూడో ఆవిడ. నేను పొరపాటు మనిషి అని నిందవేసిన ఆవిడ. పేరు రూత్ వేక్‌ఫీల్డ్. 1903లో మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టింది. ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్ళో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో గృహకళల శాఖలో చదివి 1924లో పట్టా పుచ్చుకుంది. ఆహార నిపుణురాలిగా ఉద్యోగం చేసింది, ఆహారం మీద ఉపన్యాసాలిచ్చింది. 1930లో, దేశమంతా ఆర్థికమాంద్యంతో అల్లాడుతున్న రోజుల్లో, భర్తతో కలిసి విట్‌మన్ అనే ఊళ్ళో పాత ఇల్లొకటి కొని భోజనశాల తెరిచింది. దానికి 'టోల్ హౌస్' అని పేరు పెట్టారు. పూర్వం బాటసారులు సుంకం కట్టి ఆగే ఇల్లు అన్నమాట. బోర్డు మీద 1709 అని కూడా రాశారు. నిజానికి ఆ ఇల్లు కట్టింది 1817లో. అక్కడ సుంకం వసూలు చేసిందీ లేదు. వ్యాపారానికి కాస్త కథ కావాలి కదా, ఇంటికి కథ కట్టారు, పోన్లెండి. తమాషా ఏమిటంటే, తర్వాత లోకం ఆవిడకే ఒక కథ కట్టింది!

ఆ కథ రెండు మూడు రకాలుగా ఉంది. ఒకటి నేను మా అమ్మాయికి చెప్పింది. ఇంకోదాంట్లో, పిండి కలిపే పెద్ద మిషను అదురుకి అటకమీది చాక్లెట్ జారి పిండిలో పడిందట! ఆడమనిషికి బుద్ధి ఉందని ఒప్పుకోవడంకంటే అటకకి బుద్ధి ఉందని ఒప్పుకోవడం తేలికయింది చూడండి.

సరే, ఇప్పుడు మీరే న్యాయం చెప్పండి. మీరు వంటింట్లో ఏళ్ళతరబడి ఉన్నవాళ్ళు. చాక్లెట్ ముక్క వేడికి మెత్తబడుతుంది గానీ, కలపకుండా దానంతట అది పిండి అంతటికీ పాకుతుందా? బెల్లం గడ్డని పిండిలో గుచ్చి పొయ్యిమీద పెడితే బూరె తియ్యగా అయిపోతుందా? చాక్లెట్ రంగు పిండి కావాలంటే ముందే కరిగించి కలపాలని పదేళ్ళ పిల్లకి తెలుసు. అప్పటికే ఎనిమిదేళ్ళుగా భోజనశాల నడుపుతూ, మిఠాయిలకి పేరు తెచ్చుకుని, వంటల పుస్తకం రాసి, దాన్ని పెంచి మళ్ళీ మళ్ళీ అచ్చువేయించిన పట్టభద్రురాలికి తెలియదా?

ఆవిడ తన నోటితో చెప్పిన సంగతి వేరు. అప్పట్లో వాళ్ళు ఐస్‌క్రీముతోపాటు పల్చటి బటర్‌స్కాచ్ కుకీ, పప్పులు వేసింది, వడ్డించేవారు. అందరికీ అది నచ్చింది. నచ్చినా సరే, ఇంకేదైనా కొత్తది ఇవ్వాలని ప్రయత్నించి ఇది తయారుచేసింది. అంతే కథ. కథ కాదు, పని.

1938లో ఆవిడ పుస్తకంలో అచ్చయిన ఆ వంట చూస్తే ఇంకే సాక్ష్యం అక్కర్లేదు. కప్పు వెన్న, ముప్పావు కప్పు పంచదార, ముప్పావు కప్పు బ్రౌన్ షుగర్, రెండు గుడ్లు. చెంచాడు సోడా, దాన్ని చెంచాడు వేడినీళ్ళలో కరిగించాలి. రెండుంపావు కప్పుల పిండి, చెంచాడు ఉప్పుతో కలిపి జల్లించాలి. తరిగిన పప్పులు కప్పు. రెండు బార్ల చాక్లెట్, బఠాణీ గింజంత ముక్కలు కొయ్యాలి. అర చెంచా చొప్పున పళ్ళెంలో వెయ్యాలి. 375 ఫారన్‌హీట్ డిగ్రీల దగ్గర పది పన్నెండు నిమిషాలు. వంద కుకీలు వస్తాయి. అటకమీంచి జారిపడ్డ చాక్లెట్ బఠాణీ గింజంత ముక్కలవుతుందా అండీ? పైగా టోల్ హౌస్‌లో ఆ పిండిని రాత్రంతా చల్లటిచోట ఉంచి మర్నాడు కాలుస్తామని తర్వాతి ముద్రణలో ఆవిడే రాసింది. పొరపాటుకి అంత ఓపిక ఉండదు.

తర్వాత సంగతి క్లుప్తంగా. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో నెస్లే కంపెనీ చాక్లెట్ బార్ల అమ్మకాలు ఉన్నట్టుండి పెరిగాయి. 1939లో కంపెనీ ఆవిడతో ఒప్పందం చేసుకుని ఆ వంటని తన ప్యాకెట్టు మీద వేసుకుంది. బార్లు కోసే బాధ లేకుండా చిన్న చిన్న చాక్లెట్ బిళ్ళలు అమ్మడం మొదలుపెట్టింది. ఇప్పుడు మన బజార్లో దొరికే 'చిప్స్'కి అదే పుట్టుక. ఆవిడకి ముట్టింది ఒక్క డాలరనీ, జీవితాంతం ఉచితంగా చాక్లెట్ అనీ చెప్పుకుంటారు. రెండో ప్రపంచయుద్ధంలో ఆ రాష్ట్రం సైనికులకి ఇంటినుంచి ఈ కుకీల డబ్బాలు వెళ్ళేవి. వాటిని పంచుకుతిన్న ఇతర రాష్ట్రాల కుర్రాళ్ళు 'మాకూ అలాంటివి పంపండి' అని ఇళ్ళకి ఉత్తరాలు రాశారు. వాళ్ళ తల్లులు 'ఎలా చేస్తారమ్మా' అని రూత్‌కి రాశారు. అలా దేశమంతా పాకింది. ఆవిడ 1977లో పోయింది. ఆ ఇల్లు 1984 ఆఖరిరోజున కాలిపోయింది. 1997లో మసాచుసెట్స్ ప్రభుత్వం ఆ కుకీని రాష్ట్రపు అధికార కుకీగా ప్రకటించింది. ఇన్ని గౌరవాలు జరిగినా 'ఏదో పొరపాటున అలా కుదిరింది' అన్న మాట మాత్రం ఇంకా కుకీ వెంటే నడుస్తోంది.

ఎందుకంటారూ? పొరపాటు కథ తియ్యగా ఉంటుంది. 'ఎవరైనా చెయ్యొచ్చు' అన్న ధైర్యమిస్తుంది, ప్యాకెట్టు అమ్ముడవుతుంది. చదువుకుని, ఆలోచించి, కొలిచి, మళ్ళీ చేసి చూసింది అంటే అంత సరదాగా ఉండదు. ఒక మగ శాస్త్రవేత్త ప్రయోగశాలలో పదిసార్లు చేసి చూస్తే పరిశోధన అంటాం. ఒక ఆడమనిషి వంటింట్లో పదిసార్లు చేసి చూస్తే చేతి మహిమ అంటాం.

ఇదంతా చదివాక నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఎదురింటి పిన్నిగారు అన్న 'హస్తవాసి' ఆవిడదే కదా.

మా చిన్నప్పుడు తణుకులో మా ఇంట్లో ఓవెన్ అంటే ఏమిటో తెలియదు. బిస్కెట్లు కావాలంటే మైదా, పంచదార, డాల్డా సంచిలో వేసుకుని బేకరీకి వెళ్ళాలి. అక్కడివాళ్ళు కలిపి, అచ్చులు కొట్టి, కాల్చి, రేకుడబ్బాలో పోసి ఇచ్చేవారు. వేసవి సెలవులొస్తే అక్కడ ఆడవాళ్ళందరూ వరసగా కూచునేవారు. తమ పిండి తమకే వస్తోందో లేదో అని అందరికీ అనుమానమే. అంచేత కదలకుండా కాపలా! హైదరాబాదు నుంచి ఎవరైనా వస్తే ఫ్రూట్ బిస్కెట్ల డబ్బా తెచ్చేవారు. దేశవిభజన తర్వాత వచ్చిన ఒక సింధీ కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టిన కరాచీ బేకరీవి. ఎర్రటి, పచ్చటి టూటీ ఫ్రూటీ ముక్కలతో ఆ బిస్కెట్టు మాకు పెద్ద ఆశ్చర్యం. 'టూటీ ఫ్రూటీ' అంటే ఇటాలియన్లో 'అన్ని పళ్ళూ' అని అర్థమట. మన దగ్గర లోపలున్నది ఒక్క పచ్చి బొప్పాయి, పాకంలో ఊరి రంగు పూసుకున్నది. అది తిన్నాక మా అమ్మ, మన ఊళ్ళోనే అలాంటివి చేయిస్తానని పంతం పట్టింది. చేయించింది కూడా. మా పేటలో అందరి బిస్కెట్లూ ఒక ఎత్తు, మా అమ్మవి ఒక ఎత్తు. "మీ చేతి చలవ వదినగారూ" అనేవారు. అమ్మ నవ్వి, "ఏదో అలా కుదిరింది వదినా" అనేది.

ఆ రాత్రి అమ్మకి ఫోను చేశాను. ఇప్పుడావిడకి డెబ్భై దాటాయి. "అమ్మా, ఆ బిస్కెట్లు నిజంగా అలా కుదిరాయా?" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత నవ్వింది. "కుదరడమేమిటే! ఆ బేకరీ చుట్టూ నాలుగేళ్ళు తిరిగాను. మొదటి ఏడు మాడిపోయాయి. పొయ్యి కట్టెలదా, అందరూ పొద్దున్నే ముందు మా పిండి పెట్టమంటే మా పిండి పెట్టమని ఎగబడేవారు. వేడి అంతా అప్పుడే ఉంటుంది. బ్రెడ్లు దించాక, పొయ్యి కాస్త తగ్గాక పెట్టిస్తే బిస్కెట్టు నెమ్మదిగా కాలుతుందని కనిపెట్టాను. అందుకే కావాలని ఆలస్యంగా వెళ్ళేదాన్ని. అందరూ సరుకులు ఇస్తే, నేను పిండి ముందురోజు రాత్రే ఇంట్లో కలిపి, తడిగుడ్డ కప్పి తీసుకెళ్ళేదాన్ని. టూటీ ఫ్రూటీకి పాకం తడి ఉంటుంది కదా, గుడ్డమీద ఆరబెట్టి కాస్త పిండి దొర్లించి కలిపేదాన్ని. ఎప్పుడేం వేశానో క్యాలెండరు కాగితాల వెనకాల రాసుకునేదాన్ని."

పిండి రాత్రి కలిపి పొద్దున్న కాల్చడం! విట్‌మన్ ఊళ్ళో రూత్ చేసిందీ అదే, తణుకులో మా అమ్మ చేసిందీ అదే. మా అమ్మకి ఆవిడెవరో తెలియదు. ఆవిడకి మా అమ్మ తెలిసే అవకాశం లేదు. ఇద్దరూ తమ తమ తప్పుల్లోంచే నేర్చుకున్నారు.

"మరి అందరితో ఏదో కుదిరింది అనేదానివేం?" అన్నాను.

"తెలుసంటే పొగరంటారు. కుదిరిందంటే మెచ్చుకుంటారు. పైగా ఎలా చేశావని అడగరు!" అంది.

చూశారా, అందులో తెలివీ ఉంది, బాధా ఉంది. ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్రపట్టలేదు. ఎందుకంటే ఆ మాట నాకు బాగా అలవాటైనదే. ఎవరైనా పాఠకురాలు ఫోన్ చేసి, "మీ నవల ఎంత బావుందండీ" అంటే నేనేమంటాను? "ఏదో అలా వచ్చేసిందండీ" అంటాను. పోయిన నవలలో మూడో ప్రకరణం పదకొండుసార్లు తిరగరాశాను. కూరగాయలు తరుగుతూ కథ నడిపించుకుని, అందరూ పడుకున్నాక వంటింటి గట్టుమీద కాగితాలు పెట్టుకుని రాశాను. అయినా 'అలా వచ్చేసింది' అంటాను! నా కష్టం నేనే చీపురుతో ఊడ్చి తలుపు వెనక దాచేసి, మావారు అదృష్టం అన్నారని ఆయన మీద కోపం తెచ్చుకోవడం ఏం న్యాయం?

వినయం మంచిదే. కాదనను. కానీ మనం 'కుదిరింది' అన్నప్పుడల్లా, పక్కన నిలబడి చూస్తున్న ఆడపిల్లకి ఒక అబద్ధం చెబుతున్నాం. పుట్టుకతో వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు అని. మూడోసారి పలకల్లా వచ్చినప్పుడు ఆ పిల్ల, 'నాకు హస్తవాసి లేదు కాబోలు' అని మానేస్తుంది. నాలుగోసారి సంగతి ఎవరైనా చెప్పి ఉంటే కదా!

అంచేత ఇదిగో, మా అమ్మాయి అనుమతితోనే, నాలుగోసారి సంగతి మీకు చెబుతున్నాను. నూటపది గ్రాముల వెన్న, మెత్తబడాలి గానీ కరగకూడదు. మన ఎండల్లో ఇదే పెద్ద గండం. అందులో డెబ్భైఅయిదు గ్రాముల పంచదార, డెబ్భైఅయిదు గ్రాముల బెల్లం పొడి వేసి బాగా గిలక్కొట్టాలి. బ్రౌన్ షుగర్ బదులు బెల్లం దాని సొంత బుర్రే. అందులో ఉండే కాస్త పులుపుగుణమే సోడాని పనిచేయిస్తుంది. ఒక గుడ్డు, తిననివాళ్ళు మూడు చెంచాల పాలు. నూటనలభై గ్రాముల మైదాలో అర చెంచా సోడా, అర చెంచా కంటే తక్కువ ఉప్పు కలిపి జల్లించి వెయ్యాలి. ఇక్కడినుంచి ఎక్కువ పిసక్కూడదు, గట్టిపడతాయి. మూడోసారి పలకల రహస్యం అదే. చాక్లెట్ ముక్కలు డెబ్భైఅయిదు గ్రాములు, మా అమ్మ పద్ధతిలో ఆరబెట్టిన టూటీ ఫ్రూటీ యాభై, గుప్పెడు కిస్‌మిస్. కిస్‌మిస్ పైకి కనిపించకుండా లోపలికి నొక్కాలి. పైనున్నది మాడి చేదెక్కుతుంది. పిండి రాత్రంతా ఫ్రిజ్‌లో. అప్పుడు వెన్న గట్టిపడి, పొయ్యిలో ఊతప్పంలా పరుచుకోదు. మర్నాడు చిన్న చిన్న ఉండలు ఎడంగా పెట్టి, ముందే వేడిచేసిన ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర పన్నెండు నిమిషాలు. అంచులు ఎర్రబడగానే తీసెయ్యాలి. మధ్య మెత్తగా ఉందని కంగారుపడొద్దు, చల్లారాక గట్టిపడుతుంది.

ఇంకో ముచ్చట. ఆ చాక్లెట్‌కి కోకో ఇవాళ మన దేశంలో ఎక్కువగా పండుతున్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొబ్బరిచెట్ల నీడలో, మా అమ్మ బిస్కెట్లు కాల్పించిన ఊరికి దగ్గర్లోనే. బెల్లం మనది, బొప్పాయి మనది, కోకో మనది. అమెరికా కుకీ అని మనం అనుకోవడమే.

మొన్న ఎదురింటి పిన్నిగారు మళ్ళీ వచ్చింది. పళ్ళెంలోంచి ఒకటి తీసుకుని, "ఎలా చేస్తావే తల్లీ ఇంత బాగా?" అంది. అలవాటుకొద్దీ నా నోటిదాకా వచ్చేసింది, 'ఏదో అలా కుదిరిందండీ' అని. మా అమ్మాయి నావంక ఒక్క చూపు చూసింది.

నోరు మూసుకుని, కలం, కాగితం తెచ్చి పిన్నిగారి చేతిలో పెట్టాను. "రాసుకోండి పిన్నిగారూ, అదే చెబుతుంది. కాస్త తీరిగ్గా కూచోండి, నాలుగుసార్ల కథ ఇది."